ఆఖరి బంతి

జూలై. హోబార్ట్ కొండ నెత్తిన మంచు.
మూనా లైబ్రరీ వెనక గదిలో హీటరు
వేడి కన్నా చప్పుడే ఎక్కువ ఇస్తుంది.
పిల్లల పుస్తకాలు రాసేవాళ్ళూ బొమ్మలు గీసేవాళ్ళూ
కలిసి పెట్టుకున్న మా సంఘానికి
ఇవాళ కమిటీ మీటింగు.
కోరం ఐదుగురు. ఉన్నది నలుగురం.
ఐదో మనిషి కోసం కెటిల్ రెండోసారి మరుగుతోంది.

నేను కార్యదర్శిని. ఎవరూ ఎన్నుకోలేదు.
పోయినేడు సర్వసభ్య సమావేశంలో
"ఈ పదవికి ఎవరైనా?" అని అడిగినప్పుడు
అందరూ తమ బూట్లు చూసుకుంటుంటే
నేనొక్కదాన్నే తలెత్తి ఉన్నాను,
గోడ గడియారం ఎందుకాగిందా అని.

అధ్యక్షురాలు విల్మా ప్రాసర్.
హాలు తాళంచెవి ఆవిడ మెడలో, ఊలు దారానికి.
లాన్సెస్టన్ నుంచి ఓ కుర్ర చిత్రకారిణి పంపిన
కాంట్రాక్టు మీద ఎర్ర పెన్సిలు ఆనించి
పైకి చదువుతోంది:
"సర్వ హక్కులూ, సర్వ కాలాలకూ, విశ్వమంతటా."
విశ్వమంతటా అంటే? శనిగ్రహం మీద కూడానా?
అక్కడ ఈ పిల్ల బొమ్మలు
ఎవరికి అమ్ముతారో కనుక్కుని రాయమంది.
రాశాను. నిజంగానే రాశాను.

కోశాధికారి గోర్డన్ హెఫర్నన్,
ఫెర్రీలో టికెట్లు చింపి రిటైరైన మనిషి.
ముప్ఫై ఏళ్ళ కిందట ఒక్క పుస్తకం అచ్చయింది.
లెక్కలన్నీ బిస్కట్ల డబ్బాలో.
చందా కట్టనివాళ్ళకి ఫోన్ చేస్తాడు,
చందా మాటెత్తడు,
"నీ కథలో ఆ ముసలి బాతు ఏమైంది?" అంటాడు.
నెల తిరిగేసరికి మూడు చందాలు జమవుతాయి,
మూడింట్లో నోట్లన్నీ ఒకేలా నాలుగు మడతలు.
ఆ మడత గోర్డన్ పర్సుది.
నాకు తెలుసని అతనికి తెలుసు.

టామ్సిన్ ఊరూరి బడులకీ రచయితల్ని పంపిస్తుంది.
వాళ్ళ బస్సులు, బస, వేరుశనగ పడనివాళ్ళ భోజనాలు.
సొంత కథ ఎంతవరకు వచ్చిందంటే
"నత్త ఇంకా గడప మీదే ఉంది," అంటుంది.
మూడేళ్ళుగా గడప మీదే.

ఏడుంబావుకి తడిసిన కోటుతో ఐయోలో వచ్చాడు.
రాజీనామా చేయడానికి.
రాసుకొచ్చాడు కూడా, మంచి దస్తూరీ.
"ముందు బడ్జెట్‌కి చెయ్యెత్తు నాయనా,
తర్వాత మానేద్దువు," అంది విల్మా.
ఎత్తాడు. టీ తాగాడు.
టేబులు ఊగుతోందని గోర్డన్ ఆ కాగితాన్నే
నాలుగు మడతలు పెట్టి కోడు కింద దూర్చాడు.
టేబులు కుదిరింది.
ఆ రాజీనామా మీద మరి చర్చ జరగలేదు.

పెళ్ళిలో వడ్డించినవాళ్ళు
ఆఖరి బంతిలో కూర్చుంటారు.
మా వాడికి ఆఖరి బంతి అంటే క్రికెట్టే,
"గెలిచారా?" అని అడుగుతాడు.
గెలవడమేముంది.
గారెలైపోతాయి. కూరలో ముక్కలుండవు.
పీట కోసం వెతుక్కునే పని మాత్రం ఉండదు,
చారు అడుగున చిక్కగా మిగిలుంటుంది,
ఒకరి విస్తట్లోకి ఒకరు ఒంపుకుంటారు.

కుర్చీలు దొంతర పెట్టి, దీపాలార్పి,
విల్మా తాళం వేసి రెండుసార్లు లాగి చూశాక
కార్ల దగ్గర గోర్డన్ ఆగాడు.
"ఒక్క వాక్యం. వింటారా?"
డిక్కీ లైటు వెలుగులో, కళ్ళజోడు తుడుచుకుని,
పాత టికెట్ వెనక్కి తిప్పి చదివాడు:
"ఆ రోజు ఎక్కేవాళ్ళెవరూ రాకపోయేసరికి
నిచ్చెన తనే గోడ మీదికి పాకింది."

గాలి నది మీంచి చెవులు కోస్తోంది.
ఎవరం కదల్లేదు.
"తర్వాత?" అంది టామ్సిన్,
ఆరేళ్ళ పిల్ల అడిగినట్టు.
"తర్వాత ఇంకా లేదు."
"సరే, గోడ అవతల ఏముంది?" అన్నాడు ఐయోలో,
మానేసినవాడు.

సమావేశం ఎనిమిదీ నలభైకి ముగిసిందని
మినిట్స్‌లో రాశాను.
ఇల్లు చేరేసరికి పదిన్నర.